గోదావరి దాటిన తొట్టెల

అదేం కాదు, నేను ఒప్పుకోను. మా రోజుల్లో పిల్లల్ని చంకనేసుకొని ఒట్టి చేతులతో ఊళ్లు తిరిగేవాళ్లమట, మాకు ఏ సరంజామా ఉండేది కాదట, అందుకని మాకు ప్రయాణమంటే హాయట. ఈ మాట అన్నది మా మనవరాలు. అన్నది ఇంట్లో కూడా కాదు, మొన్న విమానాశ్రయంలో, వెనక వరసలో నిలబడ్డ నలుగురూ వింటుండగా. మూడేళ్ల పిల్లనీ ఐదు నెలల పిల్లాణ్ణీ వెంటేసుకొని ఢిల్లీ వెళ్తోంది పాపం. మడిచే బండి ఒకటి, కారులో పిల్లాణ్ణి బెల్టుతో బిగించే సీటు ఒకటి, పాలు వేడిచేసే డబ్బా ఒకటి, ఇవి కాక భుజాన బస్తా అంత సంచి. ఆ సీటు లోపలికి రాదు, సామానుతో పాటే పోవాలి అన్నాడు కౌంటరు దగ్గరి అబ్బాయి. ఇది గొడవపడింది. చివరికి దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, చీటీ అంటించి, బెల్టు మీద పంపించేశారు. ఆ ఉక్రోషమంతా నా మీదకి తిప్పి, మీకేం అమ్మమ్మా, అంది.

నేనప్పుడు ఫోనులో పిల్లల్ని వీడియో తీస్తున్నాను. తీస్తున్నదాన్ని తీస్తున్నట్టే ఆపి అక్కడే వాదనకు దిగాను. అది విమానం ఎక్కాక మా ఇంటివాళ్ల గ్రూపులో ఒంటివేలితో టైపు చేస్తూ ఇంకో రెండు రోజులు వాదించాను. పిల్లలు రెండు ముక్కలు చదివి ఒక నవ్వు మొహం పంపి ఊరుకున్నారు. నాకు ఎనభై దాటాయి కానీ కోపం మాత్రం ఇరవై ఏళ్ల దగ్గరే ఆగిపోయింది, ఏం చేయను. అందుకే ఇక వాళ్లతో కాదు, నా వయసువాళ్లతోనే చెప్పుకుందామని కూర్చున్నాను. సరంజామా లేకపోవడమేమిటి, మీరైనా చెప్పండి. ఉగ్గుగిన్నె, వసకొమ్ము, ఆముదం సీసా, సాంబ్రాణి కుంపటి, పాత చీరలతో కుట్టిన అరడజను బొంతలు, రెండు కొసలా రబ్బరు తిత్తులు తొడిగే పడవలాంటి గాజు పాలసీసా, అది పగలకుండా చుట్టడానికి మళ్లీ ఒక తువ్వాలు. ఇవి మోయని తల్లి మనలో ఎవరైనా ఉందా?

నేనైతే ఇవన్నీ మోశాను. ఇవి కాక ఒక తొట్టెల కూడా మోశాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా ఎక్కువ ఏళ్లు కాని రోజులు. నేను హైదరాబాదులో పుట్టి పెరిగినదాన్ని, కొళాయి తిప్పితే నీళ్లు, మీట నొక్కితే దీపం వచ్చే ఇంట్లోంచి వచ్చినదాన్ని. ఆ పొగరు నాకు కొంచెం కాదు, చాలానే ఉండేది. మా ఆయన మంచిర్యాల దాటాక శ్రీరాంపూర్ వైపు బొగ్గుబావుల్లో సర్వేయరు. కంపెనీ క్వార్టర్లో రెండు గదులు, ఆరేసిన తెల్లబట్ట మీద సాయంత్రానికి నల్లటి పొర. చుట్టుపక్కల ఇళ్లలో ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు, ఒక ఇంట్లో మరాఠీ, ఒక ఇంట్లో హిందీ, ఒక ఇంట్లో నాకు కొత్తగా అనిపించే తెలుగు. మొదటి కాన్పు అక్కడే ఆసుపత్రిలో జరిగింది, ఆడపిల్ల. ఆ ఏడు మా నాన్న జబ్బుపడటంతో పుట్టింటి లాంఛనాలేవీ జరగలేదు, అది మా అమ్మకు మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకని రెండోసారి పుట్టింట్లో పిల్లాడు పుట్టగానే, పుట్టింటివాళ్లు పెట్టాల్సిన తొట్టెల ఒకటికి రెండింతలు ఘనంగా చేయించింది. టేకు కర్ర, నాలుగు మూలలా ఇత్తడి గొలుసులు, పక్కలకు నిర్మల్ పనివాళ్లు వేసిన బంగారు రంగు లతలు, తలవైపు అంచున ఊగే రెండు కొయ్య చిలకలు. చూడ్డానికి కన్నుల పండుగ, మొయ్యడానికి ఇద్దరు మనుషులు.

నాలుగో నెల రాగానే నన్నూ పిల్లల్నీ తీసుకుపోవడానికి మా అత్త వచ్చింది. కరీంనగర్ దగ్గరి పల్లెలో పుట్టి అక్కడే మెట్టిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేది, మాట తక్కువ. వచ్చిన మనిషి మా అమ్మతో కూడబలుక్కొని, బయల్దేరే పొద్దున సన్నికల్లు మీది పొత్రాన్ని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఎర్రంచు బొంతలో చుట్టి, దాన్ని తొట్టెలలో పడుకోబెట్టింది. మా వైపు ఇళ్లలో మీకూ తెలిసే ఉంటుంది, కొత్త తొట్టెలలో పిల్లాణ్ణి వేసే ముందు పొత్రాన్ని వేసి ఊపుతారు. మా అత్తది ఇంకో అడుగు ముందు పట్టింపు, పుట్టింటి గడప దాటిన తొట్టెల అత్తింటి గడప చేరేదాకా దారిలో ఎక్కడా ఖాళీగా ఉండకూడదు. ఖాళీ తొట్టెలతో ఊరు దాటకూడదు, మరీ ముఖ్యంగా నీళ్లు దాటకూడదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఉన్న బరువు చాలదన్నట్టు రాయి కూడా మొయ్యాలా అని మా అమ్మతో గొడవపడ్డాను, హైదరాబాదు నుంచి కరీంనగర్ దాకా బస్సులో అత్తను దెప్పుతూనే ఉన్నాను. ఆవిడ కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది తప్ప మారు మాట్లాడలేదు. కోపిష్టివాళ్లకు ఎదుటిమనిషి మౌనం కంటే పెద్ద తిట్టు ఇంకోటి ఉండదు.

ఆ రాత్రి కరీంనగర్‌లో చుట్టాలింట్లో పడుకొని, పొద్దున్నే ధర్మపురి బస్సు ఎక్కాం. పిల్లాణ్ణి ముందు నరసింహస్వామికి చూపించాలని మొక్కు, తర్వాత అక్కడి రేవులోనే గోదావరి దాటితే అవతలి ఒడ్డు ఆదిలాబాదు జిల్లా, అక్కడ మా ఆయన వచ్చి ఎదురుచూస్తానన్నారు. ధర్మపురిలో బస్సు ఆగాక టాపు మీది సామాను దింపుతున్న మనిషి తొట్టెల దగ్గరికొచ్చి, అందులో బొంతలో చుట్టిన మూట చూసి గతుక్కుమన్నాడు. పసిపిల్లను బస్సు మీద కట్టిన్రా, మీది గుండెనా బండనా అని పైనుంచే కేకలేశాడు. బస్సులోవాళ్లు, దారినపోయేవాళ్లు అందరూ మూగారు. మా అత్త నిదానంగా అది పొత్రమని చెప్పగానే ఒకటే నవ్వులు. ఒక పెద్దాయన నా వైపు తిరిగి, పోలిక తల్లిదా తండ్రిదా అని అడిగాడు. ఇప్పుడు తలచుకుంటే నాకూ నవ్వొస్తుంది, ఆ నిమిషం మాత్రం నేల చీలిపోతే బాగుండనిపించింది.

అత్త పిల్లాణ్ణి భుజానేసుకొని, పెద్దదాని చెయ్యి పట్టుకొని గుడికి పోయింది. నేను రానన్నాను. సామాను దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నాను కానీ అసలు సంగతి నా మొహం ఇంకా ఎర్రగానే ఉంది. రేవు మెట్ల మీద ట్రంకు పెట్టె, హోల్డాలు, బియ్యం మూట, పెద్దదాని మూడు చక్రాల నడకబండి, వీటి మధ్య ఆ తొట్టెల. దసరా పోయి నీళ్లు కొంచెం తగ్గాయి కానీ నది ఇంకా నిండుగానే ఉంది, గాలి తోలుతోంది.

పడవాయన వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, తలకు నీరుకావి రంగు రుమాలు. ముందు సామాను, మగవాళ్లు ఒక దఫా, ఆడవాళ్లు పిల్లలు రెండో దఫా అని చెప్పి, తొట్టెలలోకి వంగి చూసి, గొంతు తగ్గించి, పండుకున్నడా అని అడిగాడు. మళ్లీ మొదలైంది అనుకున్నాను. అది పిల్లాడు కాదు, రాయి, జాగ్రత్త ఏమీ అక్కర్లేదు, మూటలతో పాటు ఎక్కడో ఒకచోట పడెయ్యండి అని కసురుకున్నాను. అతను నన్ను ఒకసారి చూసి, తల ఊపి వెళ్లిపోయాడు.

అతను అటు వెళ్లగానే నాకు ఏమొచ్చిందో ఏమో, బొంత విప్పి ఆ పొత్రాన్ని రెండు చేతులా ఎత్తి మెట్ల మీదుగా నీళ్లలోకి దొర్లించేశాను. బుడుంగుమని మునిగిపోయింది. బొంతను మళ్లీ ఉన్నట్టే చుట్టి తొట్టెలలో పెట్టాను. పెట్టాక గానీ ఏం చేశానో తెలియలేదు. పసుపు రాసిన రాయి అది, మా అమ్మ చేత్తో బొట్టు పెట్టిన రాయి. అంతలో పైమెట్టు మీద అత్త కనిపించింది, భుజాన పిల్లాడు నిద్రపోతున్నాడు. ఆవిడకు ఎదురుపడే ధైర్యం లేక, పెద్దదానికి పాలు కాచి తెస్తానని దూరం నుంచే చెప్పి, పాలసీసా తీసుకొని పక్క మెట్ల మీదుగా హోటలు వైపు పారిపోయాను. అవును, పారిపోవడమే.

నేను లేనప్పుడు జరిగింది ఇది, తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. అత్త బొంత ముట్టుకుంది, చేతికి రాయి తగల్లేదు. మెట్ల మీద పసుపు మరక చూసింది, నీళ్ల వైపు చూసింది, అర్థం చేసుకుంది. చుట్టూ చూస్తే పొత్రానికి మారుగా తొట్టెలలో వెయ్యదగ్గది ఇంకేమీ కనపడలేదు, సామాను ఎక్కించే వేళయింది. తొట్టెల ఖాళీగా నీళ్లు దాటడం ఆవిడ సహించలేని విషయం. అందుకని నిద్రపోతున్న మనవణ్ణి ఆ ఎర్రంచు బొంతలోనే చుట్టి తొట్టెలలో పడుకోబెట్టి, ఈగలు వాలకుండా పల్చటి గుడ్డ కప్పి, తనే పక్కన కాపలా కూర్చుంది. ఇక నేనొచ్చాక తొట్టెలతో పాటే పడవెక్కుదాం అనుకుందట. సరిగ్గా అప్పుడే మా పెద్దది నడకబండి తోసుకుంటూ నీళ్లలోకి దిగింది. రెండున్నరేళ్ల పిల్ల, మెట్టు జారి మోకాళ్ల లోతుకు పోయింది. అత్త పరుగెత్తింది. దాన్ని పట్టుకొని, ఒడ్డు మీదికి తెచ్చి, తడిబట్టలు విప్పి పిండి, ఏడుపు మాన్పేసరికి ఎంతసేపు పట్టిందో, వెనక్కి తిరిగి చూస్తే మెట్ల మీద సామాను లేదు.

ఆవిడ కంగారుపడలేదు. కన్నతల్లి వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకొని ఉంటుంది కదా, ఖాళీ తొట్టెలనే పంపి ఉంటుంది, ఆ మూర్ఖురాలికి ఎంత చెప్పినా అంతే, అనుకుందట. నేను పాలసీసా తువ్వాలులో చుట్టుకొని తిరిగి వచ్చేటప్పటికి పడవ నది మధ్యకు పోయింది. ఒడ్డున అత్త నాకు వీపు పెట్టి పెద్దదానికి గౌను తొడుగుతోంది. పిల్లాడు ఆవిడ ఒళ్లో ఉన్నాడనుకున్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. ఒళ్లో ఎవరూ లేరు. ఆవిడ నా చేతుల వైపు చూసింది. నా చేతుల్లో పాలసీసా ఉంది.

"పిల్లగాడేడి?"

"మీ దగ్గర లేడా అత్తమ్మా?"

"తొట్లెల పండవెట్టిన. నువ్వెత్తుకున్నవనుకున్న."

ఇద్దరం ఒక్కసారే నది వైపు చూశాం. గొంతు చించుకొని అరిచాం, గాలి మా వైపుకే తోలుతోంది, మా అరుపులు మాకే తిరిగొచ్చాయి. పడవలో ఎవరో చెయ్యి ఊపారు, మేం వీడ్కోలు చెబుతున్నామనుకొని. నేను నడుం లోతు నీళ్లలోకి దిగిపోయాను. అత్త నా జడ పట్టుకొని వెనక్కి గుంజింది. నాకు కళ్ల ముందు ఒకటే కనబడుతోంది, బొంతలో చుట్టిన నా పిల్లాడి మీద హోల్డాలు, దాని మీద బియ్యం మూట, దాని మీద ట్రంకు పెట్టె. పడెయ్యమన్నది నేనే. రాయి అని చెప్పిందీ నేనే. ఇంకెవరైనా చెప్పి ఉంటే వాళ్లను తిట్టుకుని అయినా బతికేదాన్ని.

చేపలు పట్టే చిన్న పడవ ఒకటి పక్కనే ఉంది. అందులోని ముసలాయన మా మొహాలు చూసి ఏమీ అడక్కుండా ఎక్కించుకున్నాడు. గోదావరి అంత వెడల్పని నాకు ఆ రోజే తెలిసింది. తెడ్డు వేసినప్పుడల్లా ఒడ్డు ఇంకా వెనక్కి జరిగినట్టుండేది. నేను ఏడుస్తున్నాను. పొత్రం నేనే పారేశాను అత్తమ్మా, అతనికి రాయి అని నేనే చెప్పాను అత్తమ్మా అని అన్నీ కక్కేశాను. ఆవిడ తిడుతుందని, తిడితే బాగుండునని చూశాను. ఆవిడ ఒక చేత్తో పెద్దదాన్ని అదుముకొని, రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"ఏడ్వకు బిడ్డా. పాలెండుతయి," అంది.

పిల్లాడు బతికే ఉంటాడని ఆ ఒక్క మాటలో ఉంది. పాలు కావాల్సినవాడు ఉన్నాడని. అది పట్టుకొని నది దాటాను.

అవతల ఇసుకలో సామాను కుప్పగా పోసి ఉంది. హోల్డాలు, మూట, పెట్టె. ఆ కుప్పలో తొట్టెల లేదు. కొంచెం ఎడంగా, తుమ్మచెట్టు నీడలో మా ఆయన నోరు తెరుచుకొని నిలబడి ఉన్నారు, ఆయన ముందు ఇసుకలో తొట్టెల ఉంది, రెండు పక్కలకూ అడ్డంగా నీరుకావి రంగు రుమాలు ఎండ తగలకుండా పరిచి ఉంది, పక్కన పడవాయన ఒట్టి తలతో గొంతుక్కూర్చొని రెండు కొయ్య చిలకల్నీ వేలితో తాటిస్తున్నాడు. లోపల మా వాడు కాళ్లాడిస్తూ వాటినే చూస్తున్నాడు.

నేను అక్కడే ఇసుకలో కూలబడ్డాను. పడవాయన నన్ను గుర్తుపట్టి, తప్పు తనదే అయినట్టు లేచి నిలబడ్డాడు. నడిమిట్ల ఏడ్శిండమ్మా, అప్పుడెర్కైంది నాకు, గని మళ్లిద్దామంటె ఈ ఒడ్డే దగ్గరైంది, పడవ నిండ మందున్నరు, అని సంజాయిషీ చెప్పుకున్నాడు. మీదేమీ వెయ్యలేదా అని మాత్రం అడగగలిగాను.

"నువ్వు రాయన్నవ్, నేను రాయే అనుకున్న," అన్నాడు. "గని తొట్లెల పండుకున్నంక రాయైన పిల్లనే గదమ్మా. పైన మూటెట్ల వెడ్త?"

మొదటి నుంచే తొట్టెలను పడవ ముందు పలక మీద విడిగా పెట్టి, ఎండపడుతోందని తల రుమాలు విప్పి కప్పాడట. లోపల ఉన్నది రాయి అని పూర్తిగా నమ్ముతూ కప్పాడట. పడవలోవాళ్లు నవ్వారట కూడా. ఒక రాయికి నీడ పట్టే మనిషి ఉంటాడని హైదరాబాదులో నాకెవరూ చెప్పలేదు. నేను మూఢత్వమన్న, మొయ్యలేనన్న, నీళ్లలో దొర్లించిన ఆ పట్టింపే నా పిల్లాడి ఊపిరిని కాపాడింది. దానివల్లే వాడు ఆ పడవలోకి పోయాడని మీరనొచ్చు, అదీ నిజమే. ఇన్నేళ్లుగా రెండూ నిజమేనని ఒప్పుకుంటూనే ఉన్నాను, ఒకదానితో ఒకటి కొట్టేద్దామంటే కుదరలేదు.

నేను పిల్లాణ్ణి ఎత్తుకోబోతే అత్త నన్ను ఆపింది. కొత్త తొట్టెలలోంచి మొదటిసారి పిల్లాణ్ణి మేనమామ తియ్యాలి, మా అన్నదమ్ములెవరూ వెంట లేరు. ఆవిడ పడవాయనతో, "నువ్వె తియ్యి కొడుకా, మ్యానమామ లెక్క," అంది. అతను చేతులు ధోవతికి తుడుచుకొని, మళ్లీ తుడుచుకొని, మా వాణ్ణి ఎత్తి నా ఒళ్లో పెట్టాడు.

ఆ రాత్రి క్వార్టర్లో మా ఆయన చెప్పారు, ఆయనకు ముందు అత్తకు ఇద్దరు పిల్లలు పుట్టి పురిటి నెలల్లోనే పోయారట, ఇంట్లో ఖాళీ తొట్టెల కంటపడితే ఆవిడ అన్నం మానేసేదట. ఆ మాట ఆవిడ దారిలో ఒక్కసారి అన్నా నేను ఆ రాయిని నెత్తిన పెట్టుకొని మోసేదాన్ని. ఆవిడ ఎప్పుడూ అనలేదు. నన్నూ ఏమీ అనలేదు, అనలేదంటే పూర్తిగా నిజం కాదు, చుట్టాలు కూడినప్పుడల్లా మాత్రం, మా కోడలు గోదారమ్మకు పచ్చడి నూరుకొమ్మని పొత్రమిచ్చొచ్చింది అని చెప్పి, నా మొహం చూసి, కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది.

తర్వాత ఆ రేవులో ఎన్నిసార్లు దాటామో. పడవాయన మా వాణ్ణి అల్లుడు అనే పిలిచేవాడు. అల్లుడు నడుస్తున్నడా, అల్లుడు బడికి పోతుండా అని తెడ్డు వేస్తూ అడిగేవాడు, వాడికి ఈత కొంచెం నేర్పింది కూడా అతనే. తర్వాత మాకు బదిలీ అయింది, రాకపోకలు రైలు మీదికి మళ్లాయి. ఇంకా తర్వాత వంతెనలు వచ్చాయి. పోయిన ఏడు మా వాడే కారులో నన్ను అటు తీసుకుపోతే, నేను కిటికీ అద్దం దించేలోపే గోదావరి అయిపోయింది. వాడికిప్పుడు అరవై దాటాయి. రేవు ఎటువైపుండేదో ఇద్దరం చెప్పుకోలేకపోయాం. అతని పేరు మేమెవరమూ ఎన్నడూ అడగలేదు, అన్నా అని పిలిస్తే పలికేవాడు, ఆ రోజుల్లో అది చాలేది. అడగనందుకు ఇప్పుడు బాధపడుతున్నాను.

ఇప్పటి పిల్లల ప్రయాణాలు క్షేమమైనవే, నేను కాదనను. ఏది ఎక్కడుందో చీటీ మీద రాసి ఉంటుంది, పోతే ఎవర్ని అడగాలో తెలుస్తుంది. కానీ దారిలో ఎదురైన మనిషిని మన ఇంటి మేనమామను చేసుకోవడం పోయింది. పరాయివాడు పసిపిల్లాడి చెంప తాకితే తల్లి వెనక్కి లాక్కుంటుంది, ఆమె భయం ఆమెది, తప్పుపట్టను. మొన్న విమానాశ్రయంలో ఎవరో తాకబోతే మా మనవరాలు పిల్లాణ్ణి వెనక్కి లాక్కున్నప్పుడు నేనూ ఊరుకున్నాను. అయినా అడుగుతున్నాను, ఫోను పక్కన పెట్టి మరీ అడుగుతున్నాను. ముక్కూమొహం తెలియని మనిషి చేతికి నాలుగు నెలల పిల్లాణ్ణి ఇచ్చి, ఇక వీడు నీ అల్లుడు అని మనస్ఫూర్తిగా అనగలిగినవాళ్లు ఇవాళ మనలో ఒక్కరైనా ఉన్నారా, ఉంటే ముందుకొచ్చి నా మాట తప్పని చెప్పగలరా?